ఎండతో పారే పెరటి జలపాతం

ఇంటి వెనక నాలుగు గజాల జాగా, ఒక పలుగూ పారా, మూడు నాలుగు రోజుల ఓపిక ఉంటే పెరట్లో ఒక బుల్లి కొలను తయారవుతుంది. దాని పక్కన రాళ్లు పేర్చి, చిన్న పంపు పెట్టి, ఆ పంపును ఎండతో నడిపిస్తే రాళ్ల మీదుగా నీళ్లు జారుతూ జలపాతం కూడా వస్తుంది. స్విచ్చి వేయనక్కరలేదు. పొద్దు పైకెక్కితే నీరు పారుతుంది, మబ్బు కమ్మితే ఆగుతుంది.

ఇదంతా మా తొమ్మిదో తరగతి వాళ్లకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "మరి రాత్రిపూట చేపల సంగతేమిటి మాస్టారూ?" అని అడిగింది. ఈ వ్యాసంలో సగం ఆ ప్రశ్నకు జవాబే. కొలను తవ్వడం తేలిక. అందులో వేసిన ప్రాణులు తెల్లారేదాకా బతికేటట్లు చూడడంలోనే ఉంది అసలు సైన్సు.

గొయ్యి, దాని గట్టు

ముందు చోటు చూసుకోండి. రోజుకు నాలుగైదు గంటలు ఎండ తగిలే చోటు మంచిది. రోజంతా ఎండ పడితే నీరు పచ్చబడిపోతుంది. వేపచెట్టు కింద నీడ బాగుందని అక్కడ తవ్వకండి. రాలిన ఆకులు నీటిలో కుళ్లుతాయి. కుళ్లించే బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, అది చేపల వాటాలోంచే పోతుంది.

రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, మధ్యలో అర మీటరు లోతు మనకు చాలు. గోడలు నిట్టనిలువుగా ఉంటే మట్టి జారుతుంది కనుక వాలుగా తవ్వాలి. అప్పుడు అందులో సుమారు వెయ్యి లీటర్ల నీరు పడుతుంది. ఈ వెయ్యి లీటర్ల లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం.

గట్టు నాలుగు వైపులా ఒకే మట్టంలో ఉండాలి. ఒక మూల రెండు వేళ్లు పల్లమైతే నీరంతా అక్కడినుంచే పొర్లిపోతుంది. మేస్త్రీలు గోడలు కట్టేటప్పుడు నీళ్లు నింపిన సన్నని పారదర్శక గొట్టాన్ని పట్టుకుని రెండు చివరల మట్టం చూస్తారు, గమనించారా? రెండు చివరలూ గాలికి తెరిచి ఉంటే నీరు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తుంది. మీరూ అదే చేయండి.

గోతిలోని రాళ్లు, వేళ్లు ఏరివేసి, ఇసుక పరిచి, దాని మీద మందపాటి టార్పాలిన్ వేయాలి. ఎంత కొనాలి? పొడవుకు లోతుకు రెండింతలు కలిపి, గట్టు మీద మడవడానికి మరో 60 సెంటీమీటర్లు చేర్చండి. మన కొలనుకు 2 + 1 + 0.6, అంటే 3.6 మీటర్లు. వెడల్పు కూడా ఇదే పద్ధతిలో 3.1 మీటర్లు అవుతుంది.

సిమెంటుతో కట్టించుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. కొత్త సిమెంటులోంచి కాల్షియం హైడ్రాక్సైడ్ నీటిలోకి దిగుతుంది. ఆ క్షారం చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. కాబట్టి నీళ్లు నింపడం, నాలుగు రోజులుంచి తోడిపోయడం, మళ్లీ నింపడం, ఇలా రెండు మూడు వారాలు చేయాలి. మీ బడి ప్రయోగశాలలో ఎర్ర లిట్మస్ కాగితం ఉంటుంది కదా! అది ఆ నీటిలో నీలంగా మారుతున్నన్నాళ్లూ చేపలు వేయవద్దు.

ఇంట్లో పాకే పిల్లలో, అప్పుడే నడక నేర్చిన పిల్లలో ఉంటే కొలను చుట్టూ దడి కట్టి తీరాలి. అంత చిన్నవాళ్లకు జానెడు నీరు కూడా ప్రాణాపాయమే. దడి కట్టలేకపోతే కొలను ఆలోచన మానుకోండి.

నూరు పాళ్ల ఎండలో ఒక పాలు

ఇప్పుడు పంపు. 12 ఓల్టుల ఏకముఖ విద్యుత్తుతో, నీటిలో మునిగి పనిచేసే చిన్న పంపు కొనాలి. ఇంట్లోని 230 ఓల్టుల లైనును కొలను దగ్గరికి తీసుకురావద్దు. తడి చేతులకు, ఆ విద్యుత్తుకు పడదు.

పంపు పెట్టె మీద "గంటకు 800 లీటర్లు, 3 మీటర్ల ఎత్తు" అని ఉందనుకోండి. గంటకు 800 లీటర్లను 3 మీటర్లకు ఎక్కిస్తుందని పొరబడకండి. ఎత్తేమీ లేనప్పుడు 800 లీటర్లు పోస్తుంది. 3 మీటర్ల దగ్గర నీరు గొట్టంలో నిలబడిపోతుంది, చుక్క కూడా బయటికి రాదు. ఈ రెంటికీ నడుమ, ఒకటిన్నర మీటర్ల ఎత్తున, సుమారు సగం వస్తుంది. అంటే గంటకు 400 లీటర్లు.

దీనికి ఎంత సామర్థ్యం కావాలో మీరే కట్టవచ్చు. లీటరు నీరు ఒక కిలోగ్రాము. పైకెత్తడానికి చేసే పని ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం:

400 × 9.8 × 1.5 = 5880 జౌళ్లు.

ఇది గంటలో, అంటే 3600 సెకన్లలో చేసే పని. భాగిస్తే 1.6 వాట్లు! పాతకాలపు జీరో బల్బు కూడా ఇంతకన్నా ఎక్కువే తినేది. అయినా ఇలాంటి బుల్లి పంపు 10 వాట్ల దాకా తీసుకుంటుంది. మిగిలినది మోటారు వేడెక్కడంలో, గొట్టం లోపలి ఘర్షణలో, నీటి సుడుల్లో పోతుంది.

ఆ 10 వాట్ల కోసం నేను 20 వాట్ల సౌరఫలకం పెట్టమంటాను. ఎందుకంటే ఫలకం మీద రాసిన 20 వాట్లు చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ పడుతూ, ఫలకం 25 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్నప్పటి లెక్క. మన ఎండలో ఫలకం 60 డిగ్రీలకు కాగుతుంది. సిలికాన్ ఘటాల ఫలకం 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం సామర్థ్యం కోల్పోతుంది. 35 డిగ్రీలకు 14 శాతం పోయినట్టే. ఎండకు పనిచేసే వస్తువుకు ఎండ వేడే గిట్టదన్నమాట! పైగా ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో కూడా పంపు తిరగాలంటే కొంత మిగులు ఉండాలి.

ఈ ఫలకం సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నడినెత్తి ఎండలో దాని మీద దాదాపు 150 వాట్ల సూర్యశక్తి పడుతుంది. చివరకు నీటిని ఎత్తేది 1.6 వాట్లు. నూటికి ఒక పాలు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1954లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ సౌరఘటాన్ని చూపించినప్పుడు దాని దక్షత సుమారు 6 శాతమే. ఇప్పటి మంచి ఫలకాలు 20 శాతం కూడా దాటుతున్నాయి. మన గొలుసులో ఫలకం ఒక్కటే కాదు, పంపు కూడా బలహీనమైన లంకే.

ఫలకాన్ని దక్షిణం వైపు తిప్పి, మీ ఊరి అక్షాంశమంత వాలులో పెట్టండి. హైదరాబాదుకు 17 డిగ్రీలు, విజయవాడకు పదహారున్నర. దాని మీద కొమ్మ నీడ పడకూడదు. ఒక్కొక్క ఘటం సుమారు అర ఓల్టు మాత్రమే ఇస్తుంది. అందుకే 36 ఘటాలను శ్రేణి సంధానంలో కలుపుతారు. శ్రేణిలో ఒక్క ఘటం నీడలో ఉన్నా దాని గుండా పోవలసిన విద్యుత్తు మొత్తానికి అడ్డు తగులుతుంది. ఎడ్లబండ్లు వరసగా పోయే ఇరుకు బాటలో ఒక బండి ఆగిందంటే వెనకవన్నీ ఆగినట్టే. ఫలకం మీద ఒక ఆకు పెట్టి జలపాతం ఎంత సన్నబడుతుందో చూడండి, సరదాగా ఉంటుంది.

పంపును బురదలో కాకుండా ఇటుక మీద పెట్టి, చుట్టూ దోమతెర గుడ్డ కట్టండి. నీరు లేకుండా తిరగనివ్వకండి. ఆ మోటారును చల్లబరిచేది నీరే.

చేపలు నోళ్లు తెరిచే వేళ

కైకలూరు, భీమవరం వైపు వెళ్లినవాళ్లు చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీటిని చిమ్మడం చూసే ఉంటారు. వాటిని ఏరేటర్లంటారు. రైతులకు వాటి అవసరం ముఖ్యంగా అర్ధరాత్రి నుంచి తెల్లవారేవరకు. ఆ వేళకు నీటిలో ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. గంటసేపు కరెంటు పోతే ఏడాది కష్టం తేలిపోవచ్చు.

ఎందుకలా? పగలు నీటిలోని నాచు, మొక్కలు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్ వదులుతాయి. సూర్యుడు అస్తమించగానే ఆ పని ఆగుతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. చేపలు, నత్తలు, అడుగు బురదలోని బాక్టీరియా, ఆ మొక్కలు కూడా రాత్రంతా ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి. పగటి సంపాదన రాత్రికి కరుగుతూ వచ్చి, సూర్యోదయానికి కొంచెం ముందు అడుగంటుతుంది. కొలను నిండా మొక్కలు వేస్తే చేపలకు మేలని చాలామంది అనుకుంటారు. పగలు మేలే. రాత్రి అవీ పంక్తిలో కూర్చునే అతిథులే.

నీటిలో ఆక్సిజన్ ఎంత తక్కువో లెక్కిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు గాలినుంచి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగించుకుంటుంది. 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కిన కొద్దీ వాయువులు తక్కువ కరుగుతాయి కదా. మన వెయ్యి లీటర్ల కొలనులో మొత్తం 7.6 గ్రాములు! లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అంటే కొలను మొత్తంలో ఉన్న ఆక్సిజన్ రెండు బకెట్ల గాలిలో ఉన్నదానికి సమానం. చేప ఆ కాస్తలోనే బతకాలి.

ఇప్పుడు మన జలపాతం సంగతి చూడండి. అది పారేది పగలు, అవసరం లేనప్పుడు. రాత్రి, అవసరమైనప్పుడు, ఆగిపోతుంది. ఆ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా ఇదే. ఇంకో చిత్రం కూడా ఉంది. ఎండ మండే మధ్యాహ్నం పచ్చని నీటిలో ఆక్సిజన్ కరగవలసిన దానికన్నా మించి ఉంటుంది. అప్పుడు జలపాతం ఆ మిగులును గాలిలోకి పంపేస్తుంది! గాలికి, నీటికి మధ్య ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరుగుతుంది. తక్కువైతే తెచ్చుకుంటుంది, ఎక్కువైతే వదులుకుంటుంది.

అలాగని పగటి జలపాతం వృథా కాదు. పై నీటిని, అడుగు నీటిని కలుపుతుంది, నీటి ముఖాన్ని కదిలిస్తుంది. కదిలే నీటి మీద గుడ్లు పెట్టడం దోమలకు ఇష్టం లేదు.

డ్రమ్ములో దాచిన పగలు

రాత్రికి దారేమిటి? బ్యాటరీ కొనవచ్చు. 12 ఓల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటలు, అంటే సుమారు మూడు లక్షల జౌళ్లు దాగుతాయి. అయితే దానికి చార్జింగును అదుపులో పెట్టే పెట్టె కావాలి, కొన్నేళ్లకొకసారి మార్చాలి, ఖర్చూ ఉంది. నాకు నచ్చినది ఇంకో మార్గం, ఒక పాత ప్లాస్టిక్ డ్రమ్ము.

రెండు వందల లీటర్ల డ్రమ్మును కొలను పక్కన 60 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకల దిమ్మె మీద పెట్టండి. రసాయనాలు నిలవచేసిన డ్రమ్ము పనికిరాదు. నిండితే రెండు వందల కిలోల బరువు కనుక దిమ్మె గట్టిగా ఉండాలి, డ్రమ్మును గుంజకు కట్టాలి. పంపు గొట్టాన్ని పైనుంచి డ్రమ్ములోకి వదలండి. అంచుకు కొద్దిగా దిగువన లావుపాటి గొట్టం బిగించి రాళ్ల మీదికి తిప్పండి. డ్రమ్ము నిండాక పొర్లే నీరు అందులోంచి వచ్చి జలపాతమవుతుంది. డ్రమ్ము అడుగున ఒక చిన్న కుళాయి. అది రాత్రికి.

ఉదయం పంపు తిరగగానే ముందు డ్రమ్ము నిండుతుంది. మంచి ఎండలో అరగంట చాలు. తర్వాత సాయంత్రం దాకా జలపాతం. పొద్దు వాలాక డ్రమ్ములో రెండు వందల లీటర్ల నీరు ఎత్తున నిలిచి ఉంటుంది. పగటి ఎండే స్థితిజశక్తిగా మారి డ్రమ్ములో కూర్చుందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చూసుకోండి. పంపు గొట్టం కొస డ్రమ్ము నీటిలో మునిగి ఉంటే, పంపు ఆగగానే నీరు అదే గొట్టంలో వెనక్కి, సైఫను పద్ధతిలో కొలనులోకి దిగిపోతుంది. తెల్లారి చూస్తే డ్రమ్ము ఖాళీ. కాబట్టి గొట్టం కొస ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి.

ఈ డ్రమ్ములో దాచిన శక్తి ఎంత? నింపడానికి చేసిన పని 200 × 9.8 × 1.5 = 2940 జౌళ్లు. బ్యాటరీలో దాగేది దీనికి వంద రెట్లు! మరి ఇంత తక్కువ శక్తితో పని జరుగుతుందా? జరుగుతుంది. చేపకు కావలసినది జౌళ్లు కాదు, గాలి తగిలిన నీరు. నిశ్చలమైన నీటిలో ఆక్సిజన్ పైనుంచి కిందికి చాలా నెమ్మదిగా వ్యాపిస్తుంది. అదే నీటిని పలచని పొరగా రాతి మీద జార్చితే గాలికి తగిలే ముఖం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా డ్రమ్ములోకి, పగలంతా గొట్టంలోంచి దూకి చేరిన నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. డ్రమ్ము మూసి, చీకటిగా ఉంటే నాచు పెరగదు, దాన్ని తినేవాళ్లు తక్కువ. లీటరుకు 7 మిల్లీగ్రాముల చొప్పున వేసుకున్నా 200 లీటర్లు 1.4 గ్రాముల ఆక్సిజన్ తెస్తాయి. కొలను మొత్తం నిల్వ 7.6 గ్రాములని ఇందాకే చూశాం. అందులో దాదాపు ఐదో వంతు, అదీ కటకటలాడే వేళకు.

రాత్రి 9 గంటలకు కుళాయి విప్పండి. ఉదయం 7 దాకా రావాలంటే పది గంటలు. సగటున నిమిషానికి 333 మిల్లీలీటర్లు. అలాగని ఆ ధారకే కుళాయి తిప్పితే లెక్క తప్పుతుంది. డ్రమ్ములో నీటి ఎత్తు తగ్గిన కొద్దీ అడుగున పీడనం తగ్గి ధార సన్నబడుతుంది. వేగం నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని ఇటలీ దేశస్థుడు టారిచెల్లీ చెప్పాడు. దాన్నిబట్టి మొదటి ధార సగటుకు రెట్టింపు ఉండాలి. లీటరు సీసా నిండడానికి ఒకటిన్నర నిమిషం పట్టేట్టు కుళాయి సరిచేయండి.

ఇంత చేసినా చేపలు కిక్కిరిసి ఉంటే డ్రమ్ము కాపాడలేదు. పది పదిహేను గప్పీలు చాలు. అవి దోమ పిల్లలను తిని బతుకుతాయి. మన వేడికి దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమ అవుతుంది కనుక గప్పీలు లేని నెల రోజుల కొలను ఇంటికి శత్రువే. గప్పీలను తీసుకెళ్లి ఊరి చెరువులోనో వాగులోనో వదలకండి, అక్కడి చిన్నచేపలకు పోటీ అవుతాయి. డ్రమ్ము మూతికి దోమతెర గుడ్డ కట్టడం మరవవద్దు. ఒకటి రెండు కుండీల్లో కలువలు పెట్టండి. ఆకులు నీటి ముఖంలో మూడో వంతు మించితే కోసేయండి. గుర్రపుడెక్కను మాత్రం ఇంటికి తేకండి. కుళాయి నీరు పోసేటట్లయితే, క్లోరిన్ పోవడానికి ఒక రాత్రి బకెట్లలో ఉంచి పోయండి.

ఇక ముసురు రోజులు. మూడు రోజులు మబ్బు విడవకపోతే పంపు తిరగదు, డ్రమ్ము నిండదు, నాచు కూడా పగటి ఆక్సిజన్ ఇవ్వదు. కొలనుకు అన్నిటికన్నా గడ్డుకాలం అదే. అప్పుడు మీ చేతులే పంపు. పది లీటర్ల బకెట్టుతో కొలనులోంచి ఇరవై సార్లు తోడి డ్రమ్ములో పోయండి. 2940 జౌళ్లు మీకు ఒక లెక్క కాదు. ఆ వారంలో చేపలకు మేత వేయడం ఆపండి. మిగిలిన మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది.

చేసి చూడండి

1. ఒక వారం డ్రమ్ము కుళాయి కట్టేసి, మరో వారం విప్పి ఉంచి, రోజూ ఉదయం ఐదున్నరకు కొలను ముందు కూర్చోండి. ఐదు నిమిషాల్లో ఎన్ని చేపలు నీటి ముఖానికి వచ్చి నోరు తెరిచాయో లెక్కించి రాసుకోండి. నీటి ఉష్ణోగ్రత, ముందురోజు ఎండా మబ్బా అన్నది పక్కన రాయండి. చాలా చేపలు పైన కనబడితే ప్రయోగం అక్కడే ఆపి వెంటనే కుళాయి విప్పండి.

2. డ్రమ్ము నిండినప్పుడు కొలను నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగుతుందో ముందు లెక్క కట్టి, తర్వాత స్కేలుతో కొలవండి. కొలత లెక్కకన్నా కాస్త ఎక్కువ వస్తుంది. గోడల వాలు చూసి కారణం చెప్పండి.

3. మన ధార తెల్లవారుజామున, అవసరం ముదిరినప్పుడే, సన్నబడుతోంది. ఆస్పత్రిలో సెలైన్ గాజుసీసాను తలకిందులుగా కట్టి, దాని బిరడాకు గాలి లోపలికి పోవడానికి వేరే సూది గుచ్చుతారు. గాలి బుడగలు బిరడా దగ్గరినుంచి పైకి పోతుంటాయి, సీసాలో మందు తగ్గినా చుక్కల వేగం పెద్దగా మారదు. ఎందుకు మారదో ఆలోచించి, మూత ఉన్న ఒక సీసాతో అలాంటి ఏర్పాటు చేసి చూడండి. అదే ఉపాయం డ్రమ్ముకు కుదురుతుందా? కుదిరితే పొర్లుగొట్టాన్ని ఏం చేయాలి?